ఆయనంటే ఏ ఆయన?

"ఆంటీ, అడగకూడదేమో గానీ... అంకుల్ మిమ్మల్ని నిజంగా ఈ బేస్‌మెంట్‌లోనే పెట్టి తాళం వేశారా?"

ఓసి నీ అసాధ్యం కూలా! అద్దెకి రూము చూడ్డానికొచ్చి హీటర్ గురించి అడుగుతావనుకుంటే ఇదా నువ్వడిగేది? ఎవరు చెప్పారు? వద్దులే, పేరు చెప్పకు, ఈ హెర్న్‌డన్ ఊళ్ళో మన తెలుగువాళ్ళెవరైనా చెప్పుంటారు. కూచో హారికా. ఫోన్‌లో రికార్డ్ చేసుకో, మీ ఫ్రెండ్స్‌కి వినిపించు. నాకు మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక లేదు.

నేను పనిచేసేది మానవ హక్కుల రేడియోలో. రేడియో అంటే రేడియో కాదు, ఇప్పుడంతా పాడ్‌కాస్టేగా. జీతాలెగ్గొట్టినవాళ్ళు, పాస్‌పోర్టులు లాక్కున్నవాళ్ళు వచ్చి... ఛ, వాళ్ళు కాదు, వాళ్ళ చేతిలో పడ్డవాళ్ళు వచ్చి చెప్పుకుంటారు. తెలుగైతే నేను వింటాను, ఇంగ్లీషు చేస్తాను. లైబ్రరీలో రిటైరయ్యాక చేరాలే. రోజూ మెట్రోలో వాషింగ్టన్ డీసీకి పోవడం, పొద్దున కాఫీ, ఎవరిదో ఏడుపు టైప్ చేయడం, మధ్యాహ్నం లంచ్. ఒకసారి మైక్రోవేవ్ మీద చేపల కూర వేడిచేయొద్దని నోటీసంటించారు. పేరు రాయలేదు గానీ నాకే. హక్కుల ఆఫీసు కదా, నా పులుసుకి లేవా హక్కులూ అని అడిగాను. దాని మీద మీటింగ్ పెట్టారు. ఇంతకీ మేమొచ్చిన కొత్తలో ఈ ఊళ్ళో చేపలు ఎంత చవకో తెలుసా, తలకాయలైతే ఊరికే ఇచ్చేవాడు... సరే, ఎక్కడున్నాను?

ఆఁ, ఒకమ్మాయి వచ్చింది. మన వైపు పిల్లే, పేరూ ఊరూ చెప్పను. పిల్లల్ని చూసుకోడానికని ఇక్కడి డాక్టరొకడు తీసుకొచ్చాడు. పాస్‌పోర్టు లాక్కుని, జీతమివ్వకుండా, రాత్రయితే బేస్‌మెంట్‌లోకి తోసి తాళం. ఎలాగో బయటపడి షెల్టర్‌లో చేరింది. కానీ దాని కూతురు అక్కడ ఊళ్ళో అమ్మమ్మ దగ్గరుంది, ఆ డాక్టరు అన్నయ్య ఉండేదీ ఆ ఊళ్ళోనే. తను నోరు విప్పిందని తెలిస్తే ఆ పసిదాన్ని ఏం చేస్తారోనని ఒకటే వణుకు. చెప్పాలనీ ఉంది, భయమూ ఉంది.

అందుకని వివరాలు కొన్ని మార్చాం. గొంతు కూడా మార్చాలిగా? మెషీన్లో మారిస్తే బావిలోంచి కప్ప మాట్లాడినట్టుంది. కాబట్టి ఆ మాటలు తెలుగులోనే నన్ను చదవమన్నారు. చదివింది వేరేవాళ్ళని చివర్లో చెప్పారులే, చివరిదాకా ఎవరు వింటారు?

నా గొంతేమో ఊరందరికీ తెలుసు. తెలుగు అసోసియేషన్ ఫంక్షన్‌లో మైకు నాదేగా. 'తెల్ల కామ్రీ వారు దయచేసి కారు తీయగలరు', అది నేనే. ఇకపోతే ఆ పిల్ల డాక్టర్ని 'ఆయన' అనేది. "ఆయన తాళం వేసేవారండీ, ఆయన చెయ్యి చేసుకునేవారండీ." అంత భయం, షెల్టర్‌లో కూచుని కూడా గౌరవం తగ్గనీదు. ఉన్నదున్నట్టు చదవాలన్నది మా రూలు, చదివాను. మా ఎడిటరు అమెరికన్ పిల్ల, దానికి అంతా 'హీ'నే. నువ్వు చెప్పు, నా వయసు ఆడది 'ఆయన' అంటే తెలుగువాళ్ళకి ఎవరు గుర్తొస్తారు?

మీ అంకులే గుర్తొచ్చారు.

వారం తిరక్కుండా ఒకావిడ గుత్తొంకాయ పట్టుకొచ్చి, దెబ్బలున్నాయేమోనని నా చేతులు తిప్పి చూసింది. ఇంకొకావిడ గోంగూర డబ్బా కింద లాయర్ నంబర్ పెట్టింది. మీ అంకుల్ తలుపు తీస్తే ఆయన్ని తప్పించుకుని లోపలికొచ్చేవాళ్ళు. పేకాటకి పిలవడం మానేశారు. పాపం, ఆ మనిషి నా మీద గొంతు పెంచిందల్లా జీపీఎస్ చెప్పిన దారి తప్పు అన్నప్పుడే. నాకు ఏడుపాగలేదు. కాదని చెప్పేస్తానండీ అన్నాను. "మరి ఇంకెవరూ అని అడుగుతారు. వెతుకుతారు. మనవాళ్ళు కనుక్కోకుండా ఉంటారా? చెప్పకు" అన్నారు.

తర్వాత అసోసియేషన్ డిన్నర్. ఆ డాక్టరు, అవును, ఆ డాక్టరే, ప్లేటు పట్టుకుని మా టేబుల్ దగ్గరికొచ్చాడు. "ఏమండీ సుబ్బారావు గారూ, ఆ పాడ్‌కాస్ట్ మీ ఇంటి గొడవేనటగా?" నవ్వుతూనే అడిగాడు, చూపు మాత్రం నా మీదుంది. అనుమానమొచ్చింది, తేల్చుకోడానికొచ్చాడు. నేను చెంచా వదిలేసి మీ అంకుల్ వైపు చూశాను. ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పకూడదని, ఆ మనిషెవరో నేను మీ అంకుల్‌తో ఎన్నడూ అనలేదు. ఆయన లేచి నిలబడి, అంతమంది ముందు, "అవునండీ, మా ఇంట్లోదే. బుద్ధి గడ్డి తిని చేశాను" అన్నారు.

డాక్టరు ఆయన భుజం తట్టాడు. "ఆడవాళ్ళని గౌరవించాలండీ" అని ఉపదేశం చేసి, రసమలై తెచ్చుకోడానికి వెళ్ళాడు.

కార్లో అడిగాను, వాడేనని మీకెలా తెలిసిందీ అని. "నీ మొహం చూశాను. మాట్లాడించకు, ఎగ్జిట్ మిస్సవుతాను" అన్నారు. నలభై ఏళ్ళు కాపురం చేశాను, ఆయన మీద నాకంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

తర్వాత అమ్మమ్మనీ మనవరాల్నీ ఊరు మార్చారు, కేసు వేశారు, ఆ పిల్లకి ఇక్కడ ఉండడానికి కాగితాలొచ్చాయి, కూతురొచ్చింది. అప్పుడు మా ఆఫీసుకొచ్చి, మళ్ళీ చదువుతానంది, సొంత గొంతుతో. స్టూడియో అద్దం ఇవతల నేను. "ఆయన తాళం" దాకా చదివి ఆగింది. నీళ్ళు తాగింది. "వాడు తాళం వేసేవాడు" అంది. ఇక అక్కణ్ణించి చివరిదాకా వాడే. ఎడిటరు నన్ను మోచేత్తో పొడిచి, ఏం మార్చిందీ అని అడిగింది. ఇంగ్లీషులో ఏం మారలేదమ్మా అన్నాను.

ఆ రెండోది ఎవరూ వినలేదు. మీ ఫ్రెండ్సూ వినుండరు. మీ అంకుల్ని ఇంకా పేకాటకి పిలవట్లేదు. ఆయన మాత్రం స్టవ్ కట్టేసి, నిలబడి విన్నారు. విని, "ఆ ముక్క దగ్గర మళ్ళీ వెయ్యి" అన్నారు.

నీకలాంటి అవసరం రాకూడదు తల్లీ. వస్తే మాత్రం ఆ ముక్క నీ నోటికి తొందరగా రావాలి. చల్లగా ఉండు.