పంపుల కార్డు పీకిన రోజు

"నడుస్తున్న మెషిను కడుపులోంచి కార్డు పీకేసి, దానికి తెలియకుండా ఇంకో కార్డు పెట్టినవాణ్ణి నేను. పెద్ద విషయమేం కాదులే, ఏదో మాటవరసకి చెబుతున్నా. నువ్వు తొందరపడకు నాయనా, నీ వ్యాన్ ఎక్కడికీ పోదు, ఆ బెంచీ మీద కూర్చో. చెల్లెమ్మా, ఈ అబ్బాయికి కూడా ఒక టీ ఇవ్వు."

వ్యాన్ అబ్బాయి కూర్చోలేదు. పొద్దుటి నుంచి ఆ ఆఫీసు మేడ కింద, టీ కొట్టు పక్కన, వ్యాన్ పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పైన ఖాళీ అయిపోయిన అంతస్తులో మిగిలింది ఒక పాత కంప్యూటర్ మెషిను, దాని ముందు కూర్చునే ఈ పెద్దాయన. మెషిను ఇవాళ తుక్కు కొట్టుకి చేరాలి. దాంతోపాటే పెద్దాయన ఉద్యోగం కూడా అయిపోతుంది. ఆయనతో పనిచేసినవాళ్ళందరినీ కంపెనీ ఎప్పుడో కొత్త ఆఫీసుకి పంపేసి, ఆయన్ని మాత్రం మెషిను అప్పగించే పని మీద ఇక్కడే ఉంచింది. అప్పగింత చూసుకోడానికి అక్కణ్ణుంచి వచ్చిన అమ్మాయి ఒకప్పుడు ఆయన పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్నదే. ఆమె టీ చల్లార్చుకుంటోంది.

"మెషిను ఇంకా ఏదో వదల్లేదంటూ పొద్దుటి నుంచీ ఆపుతున్నావు, ప్లగ్గు పీకేస్తే పోలా బాబాయ్?" అన్నాడు వ్యాన్ అబ్బాయి.

"పీకేస్తే పోతుంది, నిజమే. పట్టుకున్న చేతిని నరికి కూడా వదిలించుకోవచ్చు. అలా చేస్తామా? కంపెనీ వాళ్ళు రాసిచ్చారు, అన్నీ శుభ్రంగా వదిలేశానని మెషినే చెప్పాలి, అప్పుడే గుమ్మం దాటించాలి. దాని డ్రైవర్ రాసింది నేనే. డ్రైవరంటే నువ్వు చేసే ఉద్యోగం కాదు నాయనా, కార్డుకీ, అంటే లోపల గుచ్చే సర్క్యూట్ పలకకీ, మెషినుకీ మధ్య మాటలు మోసే ప్రోగ్రాం. మెషిను కడుపులో కెర్నెల్ అని ఒక పెద్దమనిషి ఉంటాడు. ఏ చోటు ఎవరికివ్వాలో, ఏ గంట మోగితే ఎవరు లేవాలో అంతా ఆయన చేతిలోనే. కార్డు వచ్చినప్పుడు ముందు కాస్త చోటు అడుగుతుంది, తర్వాత ఒక గంట కట్టించుకుంటుంది. వెళ్ళిపోయేటప్పుడు ఏది ముందు వదలాలి, చెప్పు చూద్దాం."

"ఏదైతేనేం? చోటు."

"అదిగో, నీలాంటివాళ్ళ వల్లే మెషిన్లు కుప్పకూలేది. చోటు ఇచ్చేశావు, గంట ఇంకా గోడకే ఉంది, ఎవరో వచ్చి నొక్కారు. లోపల్నుంచి లేచినవాడు అడుగు వేస్తే కింద ఇల్లే లేదు. అందుకని ఆఖరున తీసుకున్నది ముందు వదలాలి, ముందు తీసుకున్నది ఆఖరున వదలాలి. ఇంకోటి. ఆ కార్డుని ఎంతమంది పట్టుకుని ఉన్నారో కెర్నెల్ లెక్క పెట్టుకుంటాడు. ఆఖరివాడు చెయ్యి తీసేదాకా దాన్ని తుడిచెయ్యకూడదు. ఈ రెండూ తెలిస్తే నువ్వూ నా అంతవాడివే. దాదాపుగా."

టీ కొట్టావిడ కెటిల్ కింద మంట తగ్గించింది. "కార్డు పీకావన్నావు, అది చెప్పు అన్నయ్యా. పాఠాలు ఎందుకు మాకు?"

"వస్తున్నా. ఊరికి నీళ్ళు తోలే పంపులన్నీ అప్పట్లో ఈ మెషిను మీదే నడిచేవి. ఒకరోజు పంపుల్ని నడిపే కార్డు వేడెక్కి గదంతా పొగ. మా మేనేజరు చెమటలు కక్కుతూ వచ్చి, మెషిను ఆపితే ఊరు ఎండిపోతుంది, ఆపకపోతే కార్డు మాడిపోతుంది, ఏం చెయ్యమంటారు అని చేతులెత్తేశాడు. గదిలో మా వాళ్ళందరూ ఉన్నారు, ఒక్కరు నోరు మెదిపితే ఒట్టు. నేను చొక్కా చేతులు పైకి మడిచి, మెషిను నడుస్తూనే ఉంటుంది, కార్డు మాత్రం బయటికొస్తుంది, చూస్తూ ఉండండి అన్నాను. గంట తీగ వదిలించాను, చోటు ఖాళీ చేయించాను, కార్డుని ఇలా రెండు వేళ్ళతో పట్టుకుని పిల్లాడి పాలపన్ను పీకినట్టు పీకాను. కొత్తది పెట్టాను."

"పొగ రాలేదు సార్," అంది అమ్మాయి నవ్వుతూ. "ఎర్ర దీపం వెలిగింది. నేనక్కడే ఉన్నానుగా."

"లోపల పొగ లేకుండా దీపం ఊరికే వెలుగుతుందా అమ్మా? సరే, మధ్యలో కొళాయిల గతేమిటని మీరెవరూ అడగరేం? పాత కార్డు తీసి కొత్తది పెట్టేలోగా ఊళ్ళో నీళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బిందెలోకి పడే ధార మధ్యలో నిలబడిపోయింది, కింద పడదు, పైకి పోదు. ఒకాయన ఒళ్ళంతా సబ్బు రాసుకుని షవరు కింద నిలబడ్డాడు. నీళ్ళు ఆయన నెత్తికి జానెడు పైన ఆగి, నా పని అయ్యేదాకా ఓపిగ్గా చూసి, తర్వాత మర్యాదగా పడ్డాయి. కంట్లోకి సబ్బు పోలేదు. ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళాడు."

"తువ్వాలు కట్టుకునేనా?" అంది టీ కొట్టావిడ.

"ప్యాంటూ చొక్కా వేసుకునే వచ్చాడు చెల్లెమ్మా. నేనేమైనా కోతలు కోస్తున్నానా?"

అమ్మాయి గ్లాసు పక్కన పెట్టి లేచింది. "సార్, పైగది తాళం ఇస్తారా? మెషిను ఒకసారి చూసొస్తాను." కథ మంచి పట్టులో ఉంది. పెద్దాయన ఆమె వైపు చూడకుండానే జేబులోంచి తాళం తీసి చేతిలో పెట్టేశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక నుంచి ముందుకి అన్నీ వదిలించే ప్రోగ్రాం రాశానా, అది మరీ బాగా కుదిరిపోయింది. అక్కడొచ్చింది చిక్కు. కార్డు తీసుకున్నవి వదిలించి అది ఆగలేదు. మెషిను తీసుకున్నవి వదిలించింది, పంపులు తీసుకున్నవి వదిలించింది. బిందెల్లో నీళ్ళు కొళాయిల్లోకి, కొళాయిల్లోవి గొట్టాల్లోకి, గొట్టాల్లోవి నదిలోకి, ఆ నది కాస్తా కొండెక్కి కూర్చుంది. కొండ మీద వాన కింద నుంచి పైకి కురిసింది. గొడుగులు తలకిందులుగా పట్టుకుని జనం నానా అవస్థా పడ్డారు. ఇదిగో, ఇక్కడ నా గ్లాసులో టీ లేచి, ఆవిర్లు కక్కుతూ ఈ కెటిల్లోకి దూకింది."

"నా కొట్టులో జరిగితే నాకు తెలియదా? చెవిలో పువ్వులు పెడుతున్నావు అన్నయ్యా."

"నీకెలా తెలుస్తుంది? నువ్వూ వెనక్కి నడుస్తున్నావు అప్పుడు. నేను ఒక్కణ్ణే ముందుకి నడుస్తూ మెట్లెక్కి పైకి వెళ్ళాను. చూద్దును కదా, మా గది తలుపు దానంతటదే తెరుచుకుంది. మా వాళ్ళు వెనక్కి నడుచుకుంటూ లోపలికి వస్తున్నారు. అందరికంటే ఆఖరున వెళ్ళిపోయినవాడు ముందొచ్చాడు, వాడి తర్వాత అంతకు ముందు వెళ్ళినవాడు. అట్టపెట్టెల్లోంచి సామాన్లు లేచి ఎవరి బల్ల మీద వాళ్ళవి సర్దుకున్నాయి. ఫ్యాను కింద కూర్చునే బక్కాయన వచ్చాడు, వస్తూనే ఫ్యాను తగ్గించమని గొడవ. చెప్పులు విప్పి బల్ల కిందకి తన్నేసే ఆవిడ వచ్చింది. ఈ అమ్మాయీ వచ్చింది, నా పక్క కుర్చీలో కూర్చుంది. బల్లలు దగ్గరికి లాక్కుని బాక్సులు తెరిచాం. నీ దాంట్లో ఏముంది అని ఒకడు నా బాక్సులోకి తొంగి చూశాడు."

పెద్దాయన గ్లాసుని అటూ ఇటూ తిప్పాడు. "ఇప్పుడెవరూ తొంగి చూడరనుకో. అది వేరే సంగతి. ఇంటి దగ్గరా చూసేవాళ్ళు లేరు. అదీ వేరే సంగతే."

"ఆగు బాబాయ్," అన్నాడు వ్యాన్ అబ్బాయి. అతను టీ సంగతి మర్చిపోయి వింటున్నాడు. "కార్డు పీకిన రోజు వాళ్ళంతా గదిలోనే ఉన్నారన్నావు. ఉన్నవాళ్ళు మళ్ళీ ఎలా వస్తారు?"

పెద్దాయన మెడ గోక్కున్నాడు. "శ్రద్ధగానే వింటున్నావన్నమాట. అది ఆ రోజు కాదులే. మొన్న, మెషిను అప్పగించమని ఫోనొచ్చాక, అదే ప్రోగ్రాం మళ్ళీ నడిపాను. రెండు రోజులూ కలిసిపోయాయి, చెప్పేటప్పుడు అలా కలుస్తాయి. అసలు సంగతి విను. అన్నీ వదిలాయి, అందరూ వదిలారు, కార్డు మాత్రం రాదే. ఇంకా ఒకరు పట్టుకుని ఉన్నారు అన్నాడు కెర్నెల్. ఎవరయ్యా అంటే నోరు విప్పడు. వెతక్క చస్తానా? గోడలోంచి వెళ్ళే తీగ పట్టుకుని బయల్దేరాను. వీధులు దాటాను, సముద్రం అడుగున దిగాను. చేపలు పక్కకి తప్పుకుని దారిచ్చాయి. ఒక తిమింగలం నన్ను ఆనవాలు పట్టి, పై అంతస్తు సారే కదూ మీరు అంది."

"తిమింగలానికి కూడా తెలుసా నువ్వు?" అన్నాడు వ్యాన్ అబ్బాయి.

"తెలియకేం, నీళ్ళ శాఖ కదా. అవతలి ఒడ్డున ప్రతి ఇంటి తలుపూ కొట్టాను. మా కార్డు పట్టుకున్నది మీరేనా అండీ అని అడిగాను. మేం కాదండీ అన్నారు. కానీ లోపలికి రమ్మన్నారు, కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు. అందుకే ఒకే ఇంటికి రెండుసార్లు కూడా వెళ్ళాను. అక్కడా లాభం లేక ఉపగ్రహం ఎక్కాను. పై నుంచి చూస్తే భూమంతా దీపాలే, ప్రతి దీపం కిందా ఒకరు, వాళ్ళ పక్కన ఇంకొకరు. మా గదిలో దీపం కింద మాత్రం మెషినొక్కటే ఉంది." ఆయన గ్లాసు అంచు వేలితో తుడిచి, మళ్ళీ అందుకున్నాడు. "కాబట్టి నాయనా, మెషిను ఇవాళ రాదు. ఆ మనిషెవరో దొరకాలి. రేపు రా. రేపు కాకపోతే ఎల్లుండి రా. ఇక్కడే కూర్చుని మాట్లాడుకుందాం, నాకేం అభ్యంతరం లేదు."

"దొరికారు సార్."

అమ్మాయి మెట్లు దిగి వచ్చి ఎంతసేపైందో ఎవరూ గమనించలేదు. తాళం ఆమె చేతిలో ఉంది.

"ఎవరు పట్టుకున్నారని అడిగితే మెషినే చెబుతుంది. ఎలా అడగాలో నాకు మీరే నేర్పారు," అంది మెల్లగా. "మీ స్క్రీన్ మీద ఒక విండో తెరిచి ఉంది సార్, వేరేవాటి వెనకాల. కార్డుని పట్టుకున్నది అదొక్కటే. దాని మీద మీ పేరే ఉంది. మేమంతా వెళ్ళిపోయిన వారం తెరిచారు."

"అదే చెప్పబోతున్నా," అన్నాడు పెద్దాయన. "లోకమంతా తిరిగి, ఉపగ్రహం కూడా ఎక్కి, చివరికి చూస్తే..." వ్యాన్ అబ్బాయి నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు.

"మూసేశావా?" అని అడిగాడు పెద్దాయన.

"లేదు సార్. అది మీది కదా."

"ఒక్క మీట నొక్కితే అయిపోతుంది. అయిపోయాక ఏమవుతుందో తెలుసా?" ఆ మాట ఆయన పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అన్నాడో. ఈసారి మాత్రం జవాబు కావాలన్నట్టు ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు. "ఏమీ అవదమ్మా. రేపు పొద్దున్న తయారయ్యి ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు, అంతే. అది తెరిచి ఉన్నంతకాలం పైన నాకో పని ఉంది."

వ్యాన్ అబ్బాయి తన వ్యాన్ తాళంచెవి జేబులో వేసుకుని, పొద్దుటి నుంచి మొదటిసారి బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నాడు.

టీ కొట్టావిడ చేతులు తుడుచుకుని వచ్చి పెద్దాయన ముందు నిలబడింది. ఆయన గ్లాసుని ఇంకా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. ఆవిడ చెయ్యి చాపింది.

"ఆఖరున తీసుకున్నది ముందు వదలాలన్నావు కదా అన్నయ్యా. ముందు ఆ గ్లాసు ఇటివ్వు. అందులో టీ అయిపోయి చాలాసేపైంది."