సగం గీసిన గడ్డం

నన్ను వీధిలో అందరూ చిన్నకత్తి అంటారు. మా నాన్న పెద్దకత్తి. నా వయసు నలభై ఏడు. మార్కెట్ వెనక వీధిలో రెండు కుర్చీల క్షౌరశాల నడుపుతున్నాను. రెండో కుర్చీ విరిగింది కాబట్టి ఒకటే అని రాసుకున్నా అభ్యంతరం లేదు.

గత బుధవారం నేను తాళాల బావ చెంప కావాలని కోశానని ఆయన బావమరిది, లారీ డ్రైవరు, మీ పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాడు. దాని మీద మీరు నా కత్తి తీసుకున్నారు. కోసిన మాట నిజం. కావాలని కోశానన్న మాట అబద్ధం.

తాళాల బావ అంటే మా వీధి మొదట్లో తాళాలు బాగుచేసే ఆయన. ఆయన భార్యను నేను అక్క అంటాను. తోడబుట్టినది కాదు, వీధి వరస. అక్క భర్త కాబట్టి బావ, బావ కాబట్టి ఆటపట్టించడం నా హక్కు. నేను నలుగురిలో "నీ గొంతు కోస్తా బావా" అన్నానని ఫిర్యాదులో ఉంది. ఆ మాట వారానికోసారి అంటాను. పగ ఉన్నవాడి చేతికి ఎవరూ ఇరవై ఏళ్లు తన గొంతు అప్పగించరు.

ఎండాకాలం మొదట్లో బావకు గుండె దడ వచ్చింది. గుండె లయ తప్పి కొట్టుకుంటోందని, అలాంటి గుండెలో రక్తం నిలిచి గడ్డ కడుతుందని, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. గడ్డ కట్టకుండా రోజుకో మాత్ర రాసి, మధ్యమధ్య రక్తపరీక్షకు రమ్మంది. కొన్నాళ్లకు దడ తగ్గింది. బావ నా కుర్చీలో కూర్చుని, "గుండె బ్రహ్మాండంగా ఉందిరా. ఇంక మాత్రలెందుకు, మానేశా. మీ అక్కకి చెప్పకు" అన్నాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రమే అక్కకు చెప్పాను. ఆమె అరవలేదు. "మొండివాడు రాజుకంటే బలవంతుడు. వాదించి లాభం లేదు, నేను చూసుకుంటాలే" అంది. ఎలా చూసుకుంటుందో నేను అడగలేదు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తర్వాత బావ గడ్డానికి వచ్చినప్పుడు, బట్టల కొట్టు పెద్దాయన సంగతి చెప్పాను. ఆయనా ఇలాగే మాత్రలు మానేశాడు. ఒక పొద్దున నోరు వంకరపోయింది, చెయ్యి పడిపోయింది. ఇప్పుడు నేను ఇంటికి వెళ్లి గడ్డం గీస్తున్నాను. పడిపోయిన వైపు చెంప జారిపోతుంది, వేలితో ఎత్తి పట్టుకుని గీయాలి. ఇదంతా బావ విన్నాడు. వెళ్తూ వెళ్తూ అద్దంలో నోరు రెండు పక్కలకూ సాగదీసి చూసుకున్నాడు.

బుధవారం పొద్దున పది దాటాక వచ్చాడు. మా కత్తికి పిడి నాన్నది, బ్లేడు గడ్డం గడ్డానికీ కొత్తది. ఎడమ చెంప అయిపోయింది. కుడి చెంప మీద కత్తి ఉండగా నేను ఒక జోకు చెప్పాను, ఆయన నవ్వాడు. బియ్యపు గింజంత గాటు పడింది. కత్తి పట్టినవాడు నవ్వించకూడదని నాన్న చెప్పేవాడు.

పటిక రుద్దాను. మామూలుగా పటికతో ఆగిపోతుంది, ఆగలేదు. ఒక తువాలు తడిసింది, రెండోది తడిసింది. అప్పుడు చూశాను, బావ చిగుళ్లలో నెత్తురు, మోచేతుల దగ్గర నల్లటి మచ్చలు. బొటనవేలితో గాటు గట్టిగా నొక్కిపట్టి, ఎదురుగా ఉన్న పాల వ్యాను ఎక్కించాను. బావ పోతే నేను బతకలేననిపించింది.

ఆస్పత్రి గుమ్మంలో, కబురంది అక్కతో పరుగున వచ్చిన బావమరిది నా చొక్కా పట్టుకుని ఒక దెబ్బ వేశాడు. నేను వేలు తీయలేదు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "రోజుకి ఎన్ని మాత్రలు వేసుకుంటున్నారు?" అని అడిగింది.

బావ అక్క వైపు చూసి, "ఒకటి" అన్నాడు.

"మీరు మానేశారు కదా," అంది అక్క.

"మళ్లీ మొదలుపెట్టేశా. కొత్త అట్ట కొని పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నా. వీడు నోరు వంకరపోతుందని హడలగొట్టాడు. అసలు మానేశానని నీకెవరు చెప్పారు?"

ఇద్దరూ నా వైపు చూశారు.

"మరి నేను రోజూ మాత్ర పొడి చేసి పాలల్లో కలిపేది?" అంది అక్క మెల్లగా.

"అదా, గ్లాసు అడుగున పిండి," అన్నాడు బావ.

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "మాత్ర మానేస్తే రక్తం గడ్డ కడుతుంది. రెండింతలైతే కారేది ఆగదు. ఇంకొన్నాళ్లు పోతే మెదడులో కారేది, పైకి తెలిసేది కాదు. ఈ గాటు పడబట్టి బయటపడింది" అంది. విరుగుడు ఇచ్చింది. మాత్రలు ఆపి, రక్తం చూసి మళ్లీ ఒక్కటే మొదలుపెట్టింది. ఇంట్లో దాచుకోవడాలు, కలిపి పెట్టడాలు రెండూ వద్దని ఇద్దరితోనూ ఒట్టేయించుకుంది.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. అక్కది ఒక పిడికెడు, బావది ఒక పిడికెడు. రెండు చోట్లా చాడీ మోసినవాణ్ని నేను, మిగతాదంతా నాది. కాబట్టి స్వాధీనం చేసుకోవలసింది నా నోరు. కత్తి ఏ పాపమూ ఎరగదు.

ఈ రోజు బావను ఇంటికి పంపారు. సగం గడ్డంతో ఎలా వెళ్తారు, పూర్తి చేయిస్తామని ఆస్పత్రిలో అంటే ఒప్పుకోలేదట. "మొదలుపెట్టినవాడే ముగించాలి" అన్నాడట. ఇప్పుడు మీ వరండా బెంచీ మీద, ఒక చెంప గడ్డంతో, గీసిన చెంప మళ్లీ కాస్త మాసి, అక్కనూ బావమరిదినీ చెరో పక్క కూర్చోబెట్టుకుని ఉన్నాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి వచ్చారు. కత్తి ఇప్పిస్తే తీసుకుపోతాను. తన గొంతు మళ్లీ నాకే అప్పగిస్తానంటున్నాడు.

పైన రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినదే ఉంది, కలిపింది లేదు, అంతా నిజం. ఇకపై గీసేటప్పుడు నోరు మూసుకుంటానని కూడా చివర్లో రాయమన్నాను. అది మాత్రం నిజమయ్యేలా ప్రయత్నిస్తాను.

సంతకం: చిన్నకత్తి