పలుపు మామూలు

తాడేపల్లిగూడెంలో హనుమంతరావు గారి వంటింటి వసారా. ఆయన పీట మీద కూర్చుని చేపల పులుసు జుర్రుకుంటున్నారు. ఆ చేపలు తెచ్చిన మనిషి, వారి ధాన్యం మిల్లులో ఇంజను డ్రైవరు ఎజ్రా, పెరట్లో నిలబడి ఉన్నాడు. మిల్లు అమ్ముడైపోయిందని ఊరంతా గుప్పుమని అప్పటికి వారమైంది. వడ్డిస్తున్న భార్య గంగాభవానికి తను వండిన పులుసు వాసనే ఆ పూట ఎందుకో సహించడం లేదు.

“మిల్లు అమ్మిన సొమ్ములో వాటాయా? ఒరే ఎజ్రా, ఆ మాట నీకెవడు నేర్పాడురా?”

“ఒకరు నేర్పేదేముందండి. తమరన్న మాటేనండి.”

“నేనా? నేనెప్పుడన్నాను?”

“గాలివాన ఏడండి, ఇంజను నీళ్ళలో మునిగినప్పుడు. జీతాలివ్వలేను, మిల్లు నిలబెట్టండర్రా, నిలబడితే అది మనందరిదీ అన్నారండి. మళ్ళీ పంట వచ్చేదాకా గంజి తాగి పని చేశామండి.”

“మాటవరసకి అంటాం. చుట్టమొస్తే ‘ఇది మీ ఇల్లే అనుకోండి’ అంటాం. అన్నామని వాడు ఇల్లు రాయించుకుపోతాడా? భవానీ, ఆ తలకాయ ముక్క ఇలా వెయ్యి.”

“వేస్తాను గానీ, ఆ మాట నేనూ విన్నానండీ. ఈ వసారాలోనే అన్నారు.”

“నువ్వు వడ్డించు.”

“ఎజ్రా, అరుగు మీద కూర్చో. ఎంతసేపలా నిలబడతావు.”

“పర్లేదండి అమ్మగారూ. అయ్యగారండీ, నా ఒక్కడి గురించీ కాదండి. మాతో పనిచేసే సూర్రావుకి ఇంజను బెల్టులో పడి చెయ్యి పోయిందండి. కొత్తాయన పాతవాళ్ళనెవర్నీ ఉంచనన్నారంటండి. ఒంటిచేతివాణ్ణి ఇంకెవరు పెట్టుకుంటారండి?”

“ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యకపోతే పోదూ మరి.”

“బెల్టు కుట్లు ఊడిపోతున్నాయి, మార్పించండని చెబుతూనే ఉన్నామండి.”

“పులుసులో ఉప్పు తగ్గిందే.”

“ఉప్పు సరిపోయింది. అతను చెయ్యి పోయిన సంగతి చెబుతున్నాడు, వినండి.”

“వింటూనే ఉన్నాను. వ్యాపారమంటే లాభమూ నాదే, నష్టమూ నాదే. నష్టమొచ్చిన ఏడు వీళ్ళేమన్నా పంచుకున్నారా?”

“ఇందాక చెప్పింది అదేగా? గంజి తాగామని.”

“నువ్వుండవే మధ్యలో.”

“పెద్ద లెక్కలు మాకు తెలవ్వండి. మొన్న సంతలో ఎడ్లజతని అమ్మారండి. కొన్నవాళ్ళ చేతికి పలుపుతాడు అందించినందుకు పాలేరు మల్లయ్యకి పలుపు మామూలు ఇచ్చారండి. తాతలనాటి ఆచారం, తప్పకూడదన్నారండి. మరి ఇంజనుకి పలుపు లేదనాండి, మాకేం లేదంటున్నారు?”

“ఎడ్లని మల్లయ్య మేపాడురా. మిల్లుని మీరు మేపారా? అదే మిమ్మల్ని మేపింది.”

“ఛీ. అదేం మాటండీ.”

“ఉన్న మాట. సరే, ఎజ్రా, ఇలా దగ్గరికి రా. కొత్తాయనకి నేను చెబుతాను, నీ పని నీకుంటుంది. మిగతావాళ్ళ ఊసెత్తకు. ఏమంటావు?”

“ఏమంటానండి.”

“అదే, ఏమంటావురా?”

“ఈ కొర్రమీనులు మా అత్తోరి ఊరు కలిదిండి నుంచి తెచ్చానండి. తమరికి ఇష్టమని తెచ్చాను గానండి, ఇందుకు కాదండి.”

“అయితే పో. పోయి వాళ్ళతో పాటే వీధిన పడు.”

“వెళ్ళకు ఎజ్రా. అలా నూతి దగ్గర కూర్చో, మజ్జిగ తెస్తాను.”

“చిత్తమండి అమ్మగారూ.”

“వాడికి మజ్జిగ కూడా దేనికే?”

“అతను తెచ్చిన చేప తింటూ అతని నోట్లోనే మన్ను కొడుతున్నారు. చూస్తుంటే నాకు రోతగా ఉంది.”

“వ్యాపారం సంగతి నీకేం తెలుసు.”

“తెలియకే అడుగుతున్నాను. మిల్లు అమ్మారు కదా, డబ్బేదీ?”

“వస్తుంది.”

“ఎప్పుడొస్తుంది?”

“వస్తుందే బాబూ, వస్తుంది.”

“కొన్నది ఏలూరు షావుకారన్నారు. ఆయన ఒక్కనాడైనా మిల్లు గడప తొక్కలేదేం? చీర కొనేదైనా కొంగు విప్పి చూస్తుంది.”

“చెయ్యి కడుక్కోనీ.”

“చెప్పి కడుక్కోండి.”

“మెల్లిగా. వాడు నూతి దగ్గరే ఉన్నాడు. ఏలూరు షావుకారూ లేడు, ఎవరూ లేరు.”

“లేరా?”

“యజమాని మారితే పాత గొడవలన్నీ పాత యజమానితోనే పోతాయే. బోనసంటారు, సూర్రావు చెయ్యంటారు, కొత్త యజమాని నాకేం తెలుసంటాడు. వీళ్ళని సాగనంపి, ముదినేపల్లి నుంచి సగం కూలికి మనుషుల్ని దింపుతాను. ప్లీడరు చెప్పిన ఉపాయం.”

“అయితే అమ్మనే లేదా?”

“అమ్మకపోతే కోర్టులో నిలబడొద్దూ? రిజిస్ట్రాఫీసులో సంతకం పెట్టి మరీ అమ్మాను.”

“ఎవరికి?”

“నీకే.”

“నాకా?”

“నీ పేరన రాశాను. నీ పేరైతేనేం, నా పేరైతేనేం. మిల్లు ఓనరువే నువ్వు. సంతోషంగా లేదూ?”

“నన్నొక్క మాటైనా అడిగారా?”

“కొనేవాళ్ళ సంతకం అక్కర్లేదటే.”

“ఛీ ఛీ. వారం నుంచీ ఆ షావుకారుని నోరారా తిట్టుకుంటున్నాను, ఉసురు పోసుకుంటున్నాడని. పాతవాళ్ళని గెంటేసే ఆ పాపిష్టి మనిషిని నేనేనన్నమాట.”

“కాయితం మీదేనే.”

“కాయితం గట్టిదేనా?”

“భలే అడిగావు. బ్రహ్మదేవుడు దిగొచ్చినా కదపలేడు.”

“రేపు మీరే వచ్చి మిల్లు నాదంటే?”

“నేనన్నా చెల్లదు. సొమ్మంతా ముట్టిందని కూడా రాసిచ్చేశాను. ప్లీడరు అంత పక్కాగా చేశాడు.”

“అంటే మీకింక అందులో హక్కు లేదు.”

“చెప్పానుగా, కాయితం మీద… ఎక్కడికే? నాకు మజ్జిగ వెయ్యవా?”

“ఎజ్రా.”

“అమ్మగారండీ.”

“భవానీ, వాడితో ఏం చెబుతావు? భవానీ, నీకే చెప్పేది.”

“మీ కొత్త యజమాని ఎవరో తెలిసింది, ఎజ్రా. రేపు సూర్రావునీ అందర్నీ వెంటబెట్టుకుని రిజిస్ట్రాఫీసుకి రా. మిల్లులో మీకు వాటా రాసిస్తుందట.”