ఒక్క బెజ్జం

ఎంపిక పోటీ జరిగే ఉదయం. తుపాకులు బాగుచేసే తాత కొట్టులో, పెద్ద మనవరాలు ఐదు టార్గెట్ కాగితాలు బల్ల మీద పరిచి నిలబడింది.

“ఇవి టార్గెట్లా, ఎలుకలు కొట్టేసిన దుప్పట్లా?”

“వేళాకోళం ఆపు తాతా. పదకొండింటికి నా వంతు. ఇంతమందిలో తీసుకునేది ఒక్కర్నే. వచ్చే ఏటికి నాకు వయసు దాటిపోతుంది.”

“రైఫిల్ ఏదే?”

“చెల్లి దగ్గర. ఇద్దరికీ అదొక్కటేగా. తన వంతు తొమ్మిదింటికి, ఈపాటికి కాలుస్తూ ఉంటుంది. దాన్ని బాగుచెయ్యడానికీ వీల్లేదు, ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలట.”

“రైఫిల్నేమీ అనకు. ఎంత ఫ్యాక్టరీ గొట్టమైనా దాని నోటికి హితవైన తూటా ఒకటుంటుంది. అది దొరికిందా, ఇక... నా వయసులో నేను ఎగిరే ఈగకి ఒక పక్క మీసం...”

“కిందటిసారి రెండు పక్కలా అన్నావు.”

“రెండోది మర్నాడు తీశాలే. ఎన్ని రకాలు కాల్చి చూశావు?”

“ఐదు. రకానికి ఐదేసి. నాలుగు రకాలూ చెల్లాచెదురు. ఐదోది మరీ ఘోరం. ఒక్కటి తగిలింది, మిగతా నాలుగూ కాగితాన్నే తాకలేదు. ఏడుపొచ్చి ఇంక వాటి మొహం చూళ్ళేదు.”

“ఈ కాగితం ఇలా నలిగిందేం?”

“అదే ఐదోది. చెల్లి ఉండచుట్టి పారేసింది. నీకు చూపిద్దామని చెత్తబుట్టలోంచి ఏరుకొచ్చాను.”

“ఆ డబ్బాలోంచి ఉత్త గుండు ఒకటి తీసి, ఈ బెజ్జంలో పెట్టు.”

“పెట్టాను. వదులుగా ఉంది.”

“ఒక్క గుండు పోయిన బెజ్జమైతే అది బిగుసుకోవాలి. అంచులు చూడు ఎలా చిరిగాయో. ఐదూ ఇందులోంచే పోయాయే పిచ్చిమొహమా.”

“ఐదూనా? తాతా, ఇవాళొద్దు, ఇవాళ నాకు కథలు చెప్పకు.”

“ఇందులో ఈగా లేదు, మీసమూ లేదు. నీ రైఫిల్ అడుగుతున్న తూటా ఇదే. పెట్టెలో ఇంకా నలభై ఐదుండాలి, ఏవీ?”

“నీ కొట్టులో లేవా?”

“ఆ రకం రావడమే మానేసింది. పెట్టె ఏదే?”

“చెల్లికిచ్చేశాను. పారెయ్యడం దేనికి, నాకివ్వు అంది.”

“కాగితాన్నే తాకని తూటాలు దానికెందుకు? అసలు ఒక్కటే తగిలిందని నీకెవరు చెప్పారు?”

“దుర్భిణీలోంచి చూసి చెప్పింది చెల్లే, తాతా.”