ఎడ్విన్ గారి లిఫ్టు

"పెద్ద సంగతేం కాదండీ. రెండు షాపింగు కాంప్లెక్సుల మధ్య గోడ తగాదా. ఒక్క పూటలో తేల్చేశాను, అంతే," అంటూ ఎడ్విన్ గారు పడక్కుర్చీలో వెనక్కి వాలారు.

ఆయన అంతే అన్నారంటే అప్పుడే మొదలైందని అరుగు మీదున్న వాళ్ళకి తెలుసు. ఏలూరు పవరుపేటలో ఆ వేసవి సాయంత్రాలు కరెంటు పోగానే జనం ఇళ్ళలోంచి బయటపడేవారు. రైలు కట్ట వైపు నుంచి కాస్త గాలి తగిలేది ఈ అరుగుకే. పక్కవాటాలో ఉండే రిటైర్డు పోస్టుమాస్టరు సత్యనారాయణమూర్తి గారు తన విసనకర్ర తానే తెచ్చుకుని స్తంభానికి ఆనుకున్నారు. ఎదురింటి ఆటో ఏడుకొండలు మెట్టు మీద కూర్చున్నాడు. అతని పక్కన ఇవాళ కొత్త మనిషి ఒకడు. కొల్లేటి లంకల నుంచి వచ్చిన దుర్గారాజు. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని, అది ఎగిరిపోతుందేమో అన్నట్టు రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చున్నాడు.

గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్న ఆయన భార్య హెప్సిబా ఆ కవరునే చూస్తోంది.

అందులో ఏముందో దుర్గారాజు రాగానే చెప్పాడు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు వాళ్ళు కొట్టేశాక అతనికి మిగిలింది రోడ్డు పక్కన మెరక నేల చెక్క ఒక్కటే. దాన్ని ఐసు ఫ్యాక్టరీకని సిటీ కంపెనీ ఏదో లీజుకి అడుగుతోంది. కాగితాలన్నీ ఇంగ్లీషు. ఎల్లుండి తాడేపల్లిగూడెంలో సంతకాలు.

"హైదరాబాదులో ఇట్లాంటివి వందలు రాసిన లాయరు గారు మా ఎదురింట్లో ఉండగా ఇంకెక్కడికీ తిరగక్కర్లేదన్నానండీ," అని ఏడుకొండలు గొప్పగా చెప్పాడు. ఎడ్విన్ గారి మొహం వెలిగిపోయింది. కవరు కోసం చెయ్యి చాపారు కూడా.

"ముందు టీ తాగనివ్వండి ఆయన్ని. కాగితాలెక్కడికి పోతాయి?" అంటూ హెప్సిబా గ్లాసులు పట్టుకుని మధ్యలోకి వచ్చింది. చాపిన చెయ్యి గ్లాసు అందుకుంది. కవరు దుర్గారాజు ఒళ్ళోనే ఉండిపోయింది.

కానీ టీ ఎంతసేపు అడ్డుపడుతుంది?

ఎడ్విన్ గారు కోర్టులో వాదించే లాయరు కాదు. పెద్ద పెద్ద ఆఫీసు బిల్డింగులూ షాపింగు కాంప్లెక్సులూ అమ్మేటప్పుడు, లీజుకిచ్చేటప్పుడు ఆ దస్తావేజులు చూసే లాయరు. వయసంతా హైదరాబాదులో పాత కాగితాల దుమ్ములోనే గడిచిపోయింది. ఆయన చదివిన దస్తావేజులో తప్పు దొర్లదని పేరు.

ఇప్పుడాయన కాగితం చదవలేరు. కళ్ళు బాగానే ఉన్నాయి, అక్షరాలు కనిపిస్తాయి. కిందటి నెల మూర్తి గారి అద్దె అగ్రిమెంటులో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒకే పేజీ పట్టుకుని కూర్చున్నారు. చివరికి హెప్సిబాను లోపలికి పిలిచి, గొంతు తగ్గించి, "హెప్సీ, ఇందులో మనం ఎవరి తరఫు?" అన్నారు. ఆయనకి జ్వరమని చెప్పి ఆ కాగితం తిరిగిచ్చేసింది. హైదరాబాదులో ఆఫీసు మూసేటప్పుడు మోకాళ్ళ నొప్పులని చెప్పింది. చెప్పిందే చెప్పి అలిసిపోయింది. లాయరు గారు కోతలు కోస్తారని పేటంతా తెలుసు. అది తెలిస్తే ఫర్వాలేదు. రెండో సంగతి తెలిసిన రోజున ఈ అరుగు మీదికి కథ వినడానికి ఎవరూ రారు. వస్తే పలకరించి పోవడానికి వస్తారు.

"ఆ ఇద్దరూ కోటీశ్వరులండీ," అంటున్నారు ఎడ్విన్ గారు. "మధ్యలో ఉన్నది జానెడు జాగా. నాదంటే నాదని ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. అప్పుడు నేనేం చేశానంటే, పైన హోటల్లో భోజనం చేద్దాం రండని ఇద్దరినీ లిఫ్టెక్కించాను. నేనూ ఎక్కాను. లిఫ్టుమాన్‌కి కన్ను కొట్టాను. వాడు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య టక్కున ఆపేశాడు."

"అయ్యబాబోయ్!" అన్నాడు ఏడుకొండలు.

"దిగడానికి లేదు. కొట్టుకుందామంటే జాగా లేదు. ఒకాయన కదిలితే రెండో ఆయన కాలు తొక్కుతాడు. హద్దు ఒప్పుకున్నాకే కిందికి దిగేది అన్నాను."

ఇంతవరకూ నిజమే. హెప్సిబాకి ఆ రోజు బాగా గుర్తుంది. చేతిలో మిఠాయి పొట్లంతో వచ్చి, గుమ్మంలోనే నిలబడి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతూ "మా నాన్న దోనె, హెప్సీ! మా నాన్న దోనె!" అన్నారు. ఆయన తండ్రి వరదానం మాస్టారు కొల్లేటి లంకలో మిషను బడి పంతులు. వానాకాలం పొలాలన్నీ మునిగిపోతే ఎవరి హద్దు ఎక్కడో కనపడేది కాదు. తగాదా పడ్డ ఇద్దరినీ ఆయన ఒకే దోనె ఎక్కించి, చెరో గెడా చేతికిచ్చేవారు. ఇద్దరూ కలిసి నీళ్ళలో గెడ వేసి తోస్తేనే దోనె కదులుతుంది. పెనుగులాడితే ఇద్దరూ మునుగుతారు. హద్దు కుదిరాకే ఒడ్డుకి రానిచ్చేవారు. ఆ లంక పద్ధతినే కొడుకు హైదరాబాదు లిఫ్టులోకి తీసుకెళ్ళాడు. ఆ వృత్తిలో ఆయన నిజంగా సంతోషపడ్డ రోజు అదొక్కటే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆ మాట దగ్గర ఆయన ఓ గుక్క టీ తాగుతారు. ఎవరో ఒకరు ఏమైందండీ అంటారు. ఈలోగా ఆయనకి దారి దొరుకుతుంది. ఆ సంగతి హెప్సిబా ఒక్కదానికే తెలుసు.

"ఏమైందండీ?" అన్నాడు దుర్గారాజు.

"కరెంటు పోయింది!"

"ఇక్కడిలాగానే," అన్నారు మూర్తి గారు విసురుకుంటూ.

"ఇక్కడిదొక లెక్కాండీ? అక్కడ మూడు రోజులు రాలేదు."

"మరి తిండి?"

"పైన హోటలుందన్నాను కదండీ. లిఫ్టు తాడుకి క్యారేజీలు కట్టి దించేవారు. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం. పులుసు మాత్రం వద్దన్నాను, ఒలికితే దస్తావేజు పాడవుతుందని."

"దస్తావేజు లోపలే రాశారా?"

"రాయకపోతే ఎలా? రాస్తుండగా కాగితం అయిపోయింది. లిఫ్టు గోడల మీద మొదలెట్టాను. షరతులతో మూడు గోడలూ నిండిపోయాయి. పార్కింగు షరతుకి చోటు లేకపోతే ఇద్దరు బిల్డర్లూ నన్ను భుజాల మీదికెత్తుకున్నారు, కప్పు మీద రాశాను. సంతకాలు తలుపు మీద. ఈ రెక్క మీద ఒకాయన, ఆ రెక్క మీద ఒకాయన. తలుపు మూస్తేనే ఒప్పందం చెల్లుతుంది, తెరిస్తే చెల్లదు!"

ఏడుకొండలు తొడ చరుచుకున్నాడు. మూర్తి గారు మాత్రం వదల్లేదు. "అంతా బాగుంది కానీ లాయరు గారూ, కాగితం లేకుండా ఏ సబ్ రిజిస్ట్రారు రిజిస్ట్రేషను చేస్తాడండీ?"

"అక్కడికే వస్తున్నాను. లిఫ్టునే ఊడదీయించి లారీ ఎక్కించాను. మేం ముగ్గురం లోపలే ఉన్నాం, సాక్షి కావాలి కాబట్టి లిఫ్టుమాన్ పైన కూర్చున్నాడు. ఆఫీసు గుమ్మంలో పట్టలేదు, గోడ పడగొట్టించాను. సబ్ రిజిస్ట్రారు కళ్ళజోడు తీసి, లిఫ్టు చుట్టూ మూడుసార్లు తిరిగి, 'ఎడ్విన్ గారూ, దీనికి ముద్ర ఎక్కడ వెయ్యమంటారు?' అన్నాడు. చేతి ముద్ర దానికి ఆనుతుందాండీ? రోడ్డు వేసే రోలరు తెప్పించి, దాని చక్రానికి ప్రభుత్వ ముద్ర చెక్కించి, లిఫ్టు మీద దొర్లించాం."

"మరి లోపల మీరో?"

"ఊపిరి బిగబట్టాం!"

అరుగంతా నవ్వుతో అదిరిపోయింది. దారిన పోయే సైకిలు మనిషి ఆగి చూశాడు. దుర్గారాజు వచ్చాక మొదటిసారి నవ్వాడు. నవ్వుతూనే కవరులో చెయ్యి పెట్టాడు.

"ఇంత బుర్ర ఉన్న మనిషికి మా కాగితం ఏపాటిదండీ? రాత్రికి మీ దగ్గరే ఉంచుతానండి," అన్నాడు. తెల్లటి కాగితాల కట్ట సగం బయటికి వచ్చింది.

హెప్సిబా నవ్వు ఆపి ఆ కట్ట వైపు చూసింది. మిగతా వాళ్ళు కోతలని విన్నారు. ఈ మనిషి కోతల వెనకాల తెలివిని చూశాడు. ఆ తెలివిని నమ్ముకుని తనకి మిగిలిన ఒక్క చెక్కనీ ఇక్కడ పెట్టి వెళ్ళబోతున్నాడు. ఎడ్విన్ గారు రాత్రంతా దాని ముందు కూర్చుంటారు. పొద్దున్నే, అంతా సరిగ్గానే ఉంది సంతకం పెట్టెయ్యి అంటారు. ఆయన మాట కాదని అతను ఇంకెవరికీ చూపించడు.

"ఉండవయ్యా, ఇంకా అవలేదు," అన్నారు ఎడ్విన్ గారు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ?"

ఆయన గ్లాసు ఎత్తారు. ఖాళీగా ఉంది. కింద పెట్టారు.

"నీళ్ళొచ్చాయండీ. ఉప్పుటేరు వెనక్కి తన్నింది. రోడ్డంతా నీళ్ళే. లిఫ్టు దోనెలాగ తేలింది."

"ఓరి నాయనో!" ఏడుకొండలు కడుపు పట్టుకున్నాడు. "కొల్లేటి నీళ్ళు సముద్రానికి పోయే ఏరు కొండలెక్కి హైదరాబాదు వచ్చిందాండీ!"

"ఈ ముక్క ముందు రోలరు ఎందుకూ పనికిరాదు," అని మూర్తి గారు ఒప్పేసుకున్నారు.

హెప్సిబా మాత్రం ఆయన మొహం చూసింది. కోత కోసేటప్పుడు ఆయన ఎడమ కన్ను కాస్త చిన్నదవుతుంది. ఇప్పుడు అవలేదు. ఆయన రైలు కట్ట అవతల ఎక్కడికో చూస్తున్నారు. రెండు చేతులూ గాలిలో ఏదో పట్టుకున్నట్టు ఒకదాని మీద ఒకటి బిగుసుకున్నాయి.

"కుడివైపు తొయ్యాలండీ. నాచు అడ్డం ఉంటుంది. అవతల పిల్లలు బడికి ఎదురు చూస్తుంటారు. నాన్న గెడ నా చేతికిచ్చారు..."

"ఎవరి నాన్నండీ? బిల్డరు గారి నాన్నగారా?" అన్నారు మూర్తి గారు నవ్వుతూనే.

ఎడ్విన్ గారు ఆయన వంక తిరిగి చూశారు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ?"

ఏమీ రాలేదు. గూడ్సు బండి ఒకటి కూత వేసుకుంటూ పోయింది. అది వెళ్ళిపోయాక ఆయన మళ్ళీ, నెమ్మదిగా, "ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నారు.

మూర్తి గారి విసనకర్ర ఆగింది. తన తల్లి ఆఖరి రోజుల్లో అడిగిందే అడిగేదని ఆయనే ఒకసారి హెప్సిబాతో చెప్పారు. దుర్గారాజు కాగితాలు సగంలో పట్టుకుని ఆమె వైపు చూశాడు.

"నేను చెప్తాను వినండి," అంది హెప్సిబా లేచి నిలబడి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఏమైందంటే, పక్కింటి కోడి కూసింది, ఈయనకి మెలకువ వచ్చింది! లిఫ్టంట లిఫ్టు! ఈయన పుట్టి బుద్ధెరిగి లిఫ్టు ఎక్కలేదండీ. భయం! అయిదో అంతస్తులో ఆఫీసు పెట్టుకుని ఉన్నన్నాళ్ళూ మెట్లే ఎక్కారు. ఈ మోకాళ్ళు ఊరికే పోయాయనుకున్నారా? మా అక్క కూతురు మౌనిక పెళ్ళిలో అందరూ లిఫ్టెక్కుతుంటే, ఈయన కోటు విప్పి భుజాన వేసుకుని మెట్ల మీద పరుగు. పైకెళ్ళేసరికి భోజనాలయిపోయాయి!"

అరుగంతా ఒక్కసారి నవ్వుతో భళ్ళుమంది.

"అద్గదీ! మోకాళ్ళ సంగతి ఇప్పుడు బయటపడింది," అని మూర్తి గారు మళ్ళీ విసనకర్ర అందుకున్నారు. ఆయన మొహంలో అనుమానం పోయి హాయిగా ఉంది.

"రోలరు కింద పడుకున్న మనిషి లిఫ్టుకి జడిశారా లాయరు గారూ!" అన్నాడు ఏడుకొండలు కళ్ళు తుడుచుకుంటూ.

దుర్గారాజు కూడా నవ్వాడు. అందరికంటే ముందు నవ్వు ఆపేశాడు. కాగితాలు మెల్లగా కవరులోకి తోసి, పైన మడత పెట్టి, "పొద్దుపోతోందండీ, బస్సు దొరకదు. మళ్ళీ వస్తానండి," అని లేచాడు.

హెప్సిబా గేటు దాకా వెళ్ళింది. "ఏమీ అనుకోకండి బాబూ. ఇక్కడ కోర్టు దగ్గర విశ్వాసం గారని లాయరు ఉన్నారు. ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడే. రేపు ఆ కాగితాలు ఆయనకి చూపించండి. చూపించకుండా మాత్రం సంతకం పెట్టొద్దు."

"అలాగేనమ్మా," అన్నాడతను. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "పాపం, మంచి సరదా మనిషండీ," అన్నాడు.

ఆ మాట చాలు అనుకుంది.

కరెంటు వచ్చింది. ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఖాళీ గ్లాసులు ఏరుతుంటే ఎడ్విన్ గారు కుర్చీలోంచే అన్నారు.

"అందరి ముందూ అంత మాట అన్నావేంటి హెప్సీ? నువ్వు ఎవరి తరఫు?"

"మీ తరఫేనండీ."

కోప్పడతారనుకుంది. ఒకట్రెండు రోజులు మాట్లాడరనుకుంది. దానికి సిద్ధపడే ఉంది. ఆయన మోకాళ్ళు రెండూ అరచేతులతో నిమురుకున్నారు.

"నేను నిజంగా లిఫ్టు ఎక్కలేదా?"

ఎగతాళిగా అడగలేదు. తెలియక అడిగారు. దీనికి ఆమె సిద్ధపడలేదు. అయిదో అంతస్తు అబద్ధం, మెట్లు అబద్ధం, మౌనిక పెళ్ళి జరిగింది సత్రంలో. ఆ అబద్ధాన్ని అరుగంతా నమ్మాలనుకుంది కానీ, ఈయన కూడా నమ్మేస్తారని అనుకోలేదు.

"ఎక్కారండీ," అంది. గ్లాసులు కింద పెట్టేసింది. "మీరే ఎక్కారు. ఆ ఇద్దరినీ మీరే ఎక్కించారు."

"ఎక్కానా?" ఆయన మొహం కాస్త తేటపడింది. ముందుకి వంగి, ఆమె కళ్ళలోకి చూస్తూ అడిగారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఈసారి ఆయన గ్లాసు కోసం చూడలేదు. జవాబు కోసం చూస్తున్నారు. లోపల బియ్యం కడిగి పెట్టినవి అలాగే ఉన్నాయి. నడుము లాగేస్తోంది. హెప్సిబా పీట ఆయన కుర్చీ పక్కకి జరుపుకుని కూర్చుంది.

"పెద్ద సంగతేం కాదండీ," అని మొదలుపెట్టింది. "రెండు షాపింగు కాంప్లెక్సుల మధ్య గోడ తగాదా..."