గుర్రం బొమ్మ ప్లేట్లు

మత్తిగిరిలో ఒక ఇంటి అరుగు మీద మొగుడూ పెళ్లామూ కూర్చుని ఉన్నారు.

"మీ అన్న అంకప్ప మేస్త్రీ కాదు మే, నా పాలిట శని!"

"అరుగు ఇంత అందంగా కట్టినందుకా మామా?"

"మా తాత దొరల క్లబ్బులో వంట చేసి తెచ్చుకున్న పింగాణీ ప్లేట్లు మే అవి! గుర్రం బొమ్మా, క్లబ్బు పేరూ ఉండేవి. పన్నెండూ పగలగొట్టి సిమెంట్లో పొదిగినాడు."

"ముగ్గు మాదిరి ఉండాదని నువ్వే కదా వానికి కొత్త పంచ పెట్టినావు!"

"అప్పుడు నాకేం తెలుసు? పొద్దున పాత సామాన్లు కొనే బెంగళూరాయన వచ్చి, చూసి తల కొట్టుకున్నాడు. పగలకుండా ఉంటే కొనేవాడంట."

"ఎంతకి?"

"ఒక్కోటి పదకొండు వేలు."

"అయ్యో! అట్లయితే యాడ కూర్చోనుండాం మామా మనం?"

"నగొద్దు మే. లక్షా ముప్పై రెండు వేల రూపాయల మీద."