రెండో ఫోను

పోయిన భర్త ల్యాప్‌టాప్ ముందు ఆమె కూర్చుంది. మరిది గుమ్మంలోనే ఆగాడు.

"అన్నయ్య ఆట పాడైందా వదినా?"

"ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే సేవ్ ఫైలు పాడైంది. పాత ఆటలు ఆడించే ఈ ఎమ్యులేటర్‌లో ఒకే ఆట రెండు చోట్ల తెరిస్తే ఇంతేనని మీ అన్నయ్య నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేవారు."

"రెండు చోట్లేంటి?"

"నేనిక్కడ ఆడుతుంటే, దీనికి జతచేసిన ఆయన ఫోన్లోనూ ఎవరో ఆడారు. ఇవాళ పొద్దున."

"ఆ ఫోను అన్నయ్యతో పాటే నీళ్లలో పోయిందిగా."

"పడవలో ఆయనతో ఉన్నవాడివి, నువ్వలా చెప్పావనే నమ్మాం."

అతను వెనక్కి తిరగబోయాడు.

"ఎవరో గానీ, కోటలోకి దూరి రాజుని చంపేశారు."

"చంపలేదు వదినా, తలుపు దగ్గరే ఆట ఆపేశాను."

ఆమె ల్యాప్‌టాప్ మూసింది.

"పాడైన ఫైలు తెరుచుకోదు. కోటలో ఏం జరిగిందో నాకేం తెలుసు? కూర్చో. పడవలో ఏం జరిగిందో చెప్పు."